మా గుడ్లు... పర్వీన్ కోడిపిల్లలు

ఆళ్ళగడ్డలో మా చిన్నప్పుడు... ఎండాకాలం సెలవుల్లో ఒక పొద్దున మా అవ్వ కొంగు నిండా నాటుకోడి గుడ్లు పోసుకుని పక్కింటికి బయలుదేరింది. వెనకాలే నేను.

"గుడ్లు యాడికి తీసకపోతాండావ్ అవ్వా?"

"మస్తాన్ ఏందో పెట్టె చేసినాడంట. కోడి లేకుండానే పొదుగుతాదంట. చూద్దాం పా."

మస్తాన్ మామకు మోటార్ల వైండింగ్ అంగడి ఉండేది. ఆయన కూతురు పర్వీన్ నా ఈడుదే... ఒకే బడి, ఒకే బెంచీ. మామ ఆపిల్ పండ్ల చెక్కపెట్టె లోపలంతా థర్మకోల్ అతికించి, బల్బు వేలాడదీసి, ఒక గ్లాసులో నీళ్ళు పెట్టి, మూతకు చిన్న అద్దం బిగించాడు. ఇప్పుడైతే ఇంక్యుబేటర్ అంటాం. అప్పుడు మా వీధి మొత్తానికీ అది 'మస్తాన్ పెట్టె'.

ఆ ఏడు మా కోళ్ళు గుడ్లు పెట్టాయే గానీ ఒక్కటీ పొదుగుకు కూర్చోలేదు. అందుకే అవ్వ దిగొచ్చింది.

"పాలుకు పెడతాండా మస్తానూ. పుట్టిన వాట్లో సగం మీకు, సగం మాకు."

"అట్లే కానీ అత్తా."

మా వైపు మేకైనా కోడైనా పాలుకివ్వడం మామూలే. మన జీవాన్ని వేరేవాళ్ళు సాకుతారు, పిల్లలు పుడితే చెరి సగం. సగం మనవే అనేసరికి నేను అప్పుడే పేర్లు కూడా పెట్టేసుకున్నాను...

కానీ గుడ్లు తిప్పే పని పర్వీన్‌కు ఇచ్చారు. అక్కడ మొదలైంది నా కడుపు మంట.

ప్రతి గుడ్డుకూ ఒక పక్క అవ్వ బొగ్గుతో గీత పెట్టింది. పొద్దున గీత పైకి, సాయంత్రం గీత కిందికి. పర్వీన్ చేతులు కడుక్కుని, పెద్ద డాక్టరమ్మ మాదిరి మూత తీసేది. వీధిలో పిల్లలంతా దాని చుట్టే. నేను చెయ్యి పెట్టబోతే "వేడి పోతాదే, జరుగు" అనేది. మా గుడ్లు... మా కోళ్ళు పెట్టినవి... నన్ను జరగమంటుంది! నాకు కళ్ళు కుట్టి అన్నం కూడా సహించేది కాదు.

కరెంటు పోతే లోపల్లోపల సంతోషంగా ఉండేది. పెట్టెకు దుప్పటి కప్పి పర్వీన్ బిక్కమొహం వేసుకుని కూర్చునేది మరి. అంతలోనే అవి మా గుడ్లే కదా అని గుర్తొచ్చి, నేనూ పోయి పక్కన కూర్చునేదాన్ని.

సరిగ్గా పిల్లలు బయటికొచ్చే వేళకు నన్ను నంద్యాలలో మా మేనత్త ఇంటికి పెళ్ళికి లాక్కెళ్ళారు. ఆ పెళ్ళిలో ఏం తిన్నానో ఇప్పటికీ గుర్తులేదు.

తిరిగొచ్చి బస్సు దిగి ఇంటికి పోతుంటే ఎదురుగా పర్వీన్... దాని వెనకాల కోడిపిల్లలు! అది నడిస్తే నడుస్తాయి. ఆగితే ఆగుతాయి. కూర్చుంటే ఒళ్ళోకి ఎక్కుతాయి. కళ్ళు తెరవగానే దాని మొహమే చూశాయంట. అంతగా నేను మళ్ళీ ఎప్పుడూ కుళ్ళుకోలేదు. ఒక్కటి... ఒకే ఒక్కటి నా వెనకాల వస్తే చాలనుకున్నాను.

అవ్వ ఆ రోజే మా సగం చాటలో వేసుకుని తెచ్చింది. నూకలు చల్లి, నోరు నొప్పి పుట్టేదాకా పిలిచాను. ఒక్కటీ తినదే! కియ్యో కియ్యోమని ఒకటే ఏడుపు. మెల్లగా నీళ్ళు బయటికి పోయే జాలాడి తూములో నుంచి ఒకదాని వెనక ఒకటి దూరి పర్వీన్ దగ్గరికే పోయాయి. పట్టుకొస్తే మళ్ళీ పోయాయి.

అవ్వ కాసేపు చూసి తలకొట్టుకుంది.

"తల్లిని ఇడిసినాకనే పాలు పంచుకోవాల మే. కోడి లేదు గదా, ఇంకేం తల్లి అనుకుంటి. ఆ పిల్లనే తల్లి అనుకుంటాండాయి ఇవి. తీసకపోయి ఇచ్చేసి రా."

నన్నే పంపింది! చాట నెత్తిన పెట్టుకుని ఏడుస్తూ పోయాను. పర్వీన్‌కు నా బాధ అర్థమైనట్టుంది. "నువ్వు నా ఎనకాల నడువే. అప్పుడు అవి నీ ఎనకాల వస్తాయి" అంది.

సరేనని నడిచాను. అవి గబగబా వచ్చి... నా కాళ్ళ సందుల్లోంచి దూరి దాని దగ్గరికి పోయాయి. పర్వీన్ నవ్వు ఆపుకోలేకపోయింది. నేను రెండు రోజులు దాంతో మాట్లాడలేదు.

అవి పెద్దయ్యాక మా సగం మాకొచ్చాయి లెండి. అప్పటికి అవి ఎవరి వెనకాలా రావు.

ఇప్పుడు నంద్యాలలో ఉంటున్నాను. మొన్న నేనూ ఒక ఇంక్యుబేటర్ కొన్నాను... పిల్లల కోసమని ఇంట్లో చెప్పాను గానీ, నా కోసమే. గుడ్లు అదే తిప్పుతుంది, వేడి అదే చూసుకుంటుంది. పెంకులు చిట్లడం మొదలైనప్పటి నుంచీ దాని ముందు నుంచి లేవలేదు. మొదట నా మొహమే చూడాలి కదా.

చూశాయి. వంటింట్లోకి పోతే వంటింట్లోకి, మిద్దె ఎక్కితే మెట్ల దగ్గరికి... అన్నీ నా వెనకాలే. పొంగిపోయి వీడియో తీసి పర్వీన్‌కు పంపాను. అది కుళ్ళుకుంటుందని ఎంత ఆశ పడ్డానో! రెండు పూల బొమ్మలు పంపి ఊరుకుంది.

వాటిని వెంటేసుకుని వీధిలోకి కూడా నడిచాను. ఆ చివర నుంచి ఈ చివరకు అన్ని తలుపులూ మూసే ఉన్నాయి. "యాడివే ఇవి?" అని అడిగినవాళ్ళు లేరు. మీరు చిన్నప్పుడు ఎవర్ని చూసి కుళ్ళుకున్నారో సిగ్గుపడకుండా కింద రాయండి... నేనైతే ఇన్నేళ్ళకు అనుకున్నది సాధించాను గానీ, నన్ను చూసి కుళ్ళుకోవడానికి వీధిలో ఒక్కరూ లేరు.