అద్దాల బండిలో నిద్ర

గుండె ఆపరేషన్ అయ్యాక మా ఆయన పడుకోవడం మానేశాడు. నిద్ర రాక కాదు, పడుకోవాలంటేనే భయం. కళ్లు మూస్తే మళ్లీ తెరుస్తానో లేదోనని. అంతా బాగుందని డాక్టరు చెప్పాడు, మాత్రలిచ్చాడు, ధ్యానం చేయమన్నాడు. ఈయన ఆ మాత్రలు మింగి, సోఫాలో నిటారుగా కూర్చుని, సౌండు లేకుండా టీవీ చూస్తూ తెల్లవార్చేవాడు. మనిషి కళ్లెదుటే ఎండిపోతున్నాడు. ఆపరేషన్ బతికించిన మనిషిని ఈ జాగారం చంపేస్తుందని నాకు గట్టిగా అనిపించింది.

కదిలే బండిలో మాత్రం కునుకు పట్టేది. ఆసుపత్రి నుంచి కొండాపూర్ వస్తుంటే, ఆ దిక్కుమాలిన ట్రాఫిక్‌లో, క్యాబ్ వెనక సీట్లో నోరు తెరుచుకుని నిద్రపోయాడు. దాన్ని పట్టుకున్నాను నేను. మంచం ఉన్న బండి కొందాం, ఆదివారాలు అలా తిరుగుదాం, నేను నడుపుతాను, నువ్వు పడుకో అన్నాను. ఆయనది కర్నూలు. "ఏమే, నీకేమన్నా పిచ్చి పట్టిండాదా?" అన్నాడు. అంటూనే ఎలాంటి బండి అని అడిగాడు.

కొత్త క్యాంపర్ వ్యాన్ల ధరలు చూసి ఫోను పక్కన పడేశాను. ఫ్లాటు లోను ఇంకా తీరని వాళ్లం, మాకెక్కడివి? పాత బండ్ల వేటలో పడ్డాను. రాయదుర్గం ఆఫీసులో అందరూ లంచ్ టైములో రీల్స్ చూస్తుంటే నేను సెకండ్ హ్యాండ్ ఫొటోలు చూసేదాన్ని. చివరికి జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీ వెనక షెడ్డులో దొరికింది. తెల్లటి వ్యాను. రెండు పక్కలా నిలువెత్తు అద్దాలు. లోపల నడిమధ్యన పొడుగాటి స్టీలు మంచం, దాని మీద కొత్త పరుపు, ఓ మూల చిన్న స్టవ్వు, నీళ్ల డబ్బా.

షెడ్డు ఓనరు వెనక తలుపు తీసి మంచాన్ని పట్టి లాగాడు. అది పట్టాల మీద చప్పుడే లేకుండా సగం బయటికి జారింది.

"జూసిండ్రా మేడం? గిట్ల గుంజుకొని ఆకాశం జూస్కుంట పండొచ్చు. కొత్త బండ్లల్ల గూడ రాదు గిసొంటిది."

"ఒక్కరే పడ్తరు గద దీని మీద?"

"ఒకరు నడుపుతరు, ఒకరు పండుతరు. ఫికరెందుకు? సేవా సంఘపోళ్ల బండి ఇది. మెల్లగ నడిపిండ్రు, ఎన్నడు స్పీడు పోలే."

అతను తల పట్టుకునేదాకా బేరమాడి కొన్నాను. నా అంత గడుసుది లేదని పొంగిపోయాను కూడా! ఇంటికి తెచ్చి ఊడుస్తుంటే మంచం పట్టాల సందుల్లో పేలాలు దొరికాయి. ఎవరి పిల్లలో తింటూ పారబోసుకున్నారని ముచ్చటపడ్డాను.

మొదటి ఆదివారం మూసాపేట మెట్రో స్టేషన్ దాటకముందే వెనక నుంచి గురక వినిపించింది. స్టీరింగ్ పట్టుకునే ఏడ్చేశాను. ఆ గురక కోసం ఎన్ని మొక్కులు మొక్కానో నాకే తెలుసు.

కానీ ఆ బండిలో ఏదో తేడా ఉండేది. ఏసీ వేయకపోయినా లోపల చల్లగా ఉండేది. ఇంట్లో ఎప్పుడూ ముడుచుకుని పడుకునే మనిషి అందులో మాత్రం వెల్లకిలా, కాళ్లు బారజాపి, చేతులు కడుపు మీద పెట్టుకుని, కట్టెలా పడుకునేవాడు. రోడ్డు మీద జనం తీరు మరీ వింతగా ఉండేది. సైబర్ టవర్స్ దగ్గర హారన్ కొట్టకుండా దారిచ్చేవాళ్లు ఎవరైనా ఉంటారా? మాకు ఇచ్చేవారు. బైకుల కుర్రాళ్లు పక్కకు తప్పుకునేవారు. ఒక ఆటో అతను మమ్మల్ని చూసి నుదుటికి చెయ్యి తాకించుకున్నాడు. ఆడమనిషి ఇంత పెద్ద బండి నడుపుతోందని మర్యాద కాబోలు అనుకున్నాను. ఎంత వెర్రిదాన్ని!

ఇంకో ఆదివారం మధ్యాహ్నం లింగంపల్లి స్టేషన్ దగ్గర టీ కోసం ఆపాను. బయటి నుంచి ఆయన నాకు కనబడుతుండాలని, అద్దాలకు నేను కట్టిన కర్టెన్లు పక్కకు లాగి దిగాను. ఆయన తెల్ల దుప్పటి ఛాతీ దాకా కప్పుకుని నిద్రలో ఉన్నాడు. జామకాయలమ్మే ముసలామె బుట్ట దించి, అద్దం వైపు తిరిగి దండం పెట్టింది. తర్వాత నా దగ్గరికొచ్చి మోచెయ్యి పట్టుకుంది.

"ఎప్పుడు పోయిండు బిడ్డా?"

"ఎవరు?"

"నీ పెనిమిటి గాదా? ఒక్కదానివే తీస్కపోతున్నవ్, ఎవ్వరు లేరా నీకు?"

ఒళ్లు మండిపోయింది. "ఏం మాటలవి! నా మొగుడు పండుకున్నడు!" అని అరిచాను.

ఆమె నొచ్చుకోలేదు. జాలిగా చూసింది. "ఏమో బిడ్డా, నా పెనిమిటిని గూడ గీ బండిలనే పండవెట్టిండ్రు. గీ అద్దంలకెల్లే జూసుకుంట పోయిన."

టీ గ్లాసు అక్కడే వదిలేసి బండి దగ్గరికి ఉరికాను. అద్దంలోకి చూశాను. ఆయన కదలడం లేదు. దబదబా బాదాను. కదలలేదు. వెనక్కి పరిగెత్తి తలుపు తీసి మంచం పట్టి లాగితే, చప్పుడే లేకుండా మనిషి మొత్తం ఎండలోకి జారి వచ్చాడు. దారిన పోయేవాళ్లు నిలబడిపోయారు. ఒకాయన చెప్పులు విడిచాడు. నేను భుజాలు పట్టి కుదిపాను, పేరు పెట్టి అరిచాను, చెంప మీద కొట్టాను.

అప్పుడు కళ్లు తెరిచాడు. "ఏమే, ఎండలో ఏసినావు నన్ను?"

అక్కడే కూలబడి భోరున ఏడ్చాను. ఇది శవాల బండి, రేపే అమ్మేస్తానన్నాను. ఆయన లేచి కూర్చుని నా తల నిమిరాడు.

"నాకు మొదటిరోజే తెలుసు. మా నాయనను తీసకపోయింది గూడా ఇట్లాంటి దాండ్లోనే."

"తెల్సి ఎట్ల పండినవయ్యా దీన్ల?"

"ఇంట్లో పండుకుంటే అది ఎప్పుడొస్తాదో అని భయం. ఇందులో పండుకుంటే వచ్చి పోయినట్టే ఉంటాది. ఇంగ భయపడేదానికి ఏముండాది?"

గుమ్మడికాయ కొట్టించి, దిష్టి తీయించి, బండి ఉంచేసుకున్నాను. మనిషి ఒళ్లు చేశాడు, ముఖంలో రంగు వచ్చింది. మాత్రలు పనిచేశాయని డాక్టరు సంబరపడ్డాడు.

ఇప్పుడు కుదురు లేనిది నాకే. బండి నడుపుతూ, గురక ఆగినప్పుడల్లా, వెనక్కి తిరగకుండా "ఏమయ్యా" అని పిలుస్తాను. "ఉండా లేవే" అంటాడు. ఒక్కోసారి ఆ మాట రావడానికి ఆలస్యమవుతుంది.