నల్ల కళ్లద్దాల పిల్లి

ఫోన్ల వార్తలు నేను సరదాకు చదవడం మొదలుపెట్టలేదు. మా ఆయన మస్కట్‌లో పని చేస్తాడు. అక్కడ ఇవాళ పలికిన వీడియో కాల్ యాప్ రేపు పలకదు. ఏది మూలపడిందో, ఏది కొత్తగా వచ్చిందో కనిపెట్టుకుని ఉండకపోతే మొగుడి ముఖం చూసే రాత లేదు. అందుకని సుల్తానాబాద్ పక్కన మా తల్లిగారింట్లో, మేము అవ్వ అని పిలిచే అమ్మ బీడీలు చుడుతుంటే పక్కన కూర్చుని, తెలుగులో టెక్నాలజీ వార్తలు వేసే ఒక పేజీ చదవడం అలవాటైంది.

వార్తల కన్నా కింద జనం రాసే కామెంట్లే నాకు ఎక్కువ నచ్చాయి. అచ్చం బస్టాండులాగే ఉంటుందక్కడ. తెలిసినవాడు మాట్లాడతాడు, తెలియనివాడు ఇంకా గట్టిగా మాట్లాడతాడు. కొన్నాళ్లు ఊరికే చూశాను, తర్వాత నోరు ఊరుకోలేదు. మడతపెట్టే ఫోను వచ్చిందని వార్త వేస్తే, "మా అవ్వ పెట్టెల పట్టుచీరెనే మడత కాడ చీకిపోయింది. గీ ఫోను ఆగుతదా? జర సోంచాయించి కొనుండ్రి" అని రాశాను. జనం విరగబడి నవ్వారు. జైనూరు నుంచి ఒకామె, "అక్కా, నీ మాట చదువుతుంటే మా ఇంట్ల కూసున్నట్టున్నది" అని రాసింది. ఆ రోజంతా నా కాళ్లు నేల మీద నిలవలేదు. ఇంట్లో నేను ఒకరికి బిడ్డను, ఒకరికి అక్కను, ఒకరికి పెళ్లాన్ని. అక్కడ మాత్రం నా మాట కోసమే నన్ను పిలిచేవాళ్లు ఉన్నారు.

అప్పుడు దిగింది పిల్లి. మనిషి ఫొటో లేదు, నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న పిల్లి బొమ్మ. నేను ఎక్కడ రాస్తే అక్కడ కింద ప్రత్యక్షం. "ముందు తెలుగు నేర్చుకోండి ఆంటీ, టెక్నాలజీ తర్వాత." "బీడీలు చుట్టుకునేవాళ్లకు ఫోన్ల గొడవ ఎందుకండీ?" నా కామెంట్లను ఫొటో తీసి, వాటికి పగలబడి నవ్వే బొమ్మలు అంటించి మళ్లీ వేసేవాడు. వాడి వెనుక ఒక గుంపు. నా మాటకు నవ్వడం వేరు, నన్ను చూసి నవ్వడం వేరు. ఆ తేడా తెలియనంత మొద్దును కాను నేను.

ఆ బాధ మా తమ్ముడికి చెప్పుకునేదాన్ని. కరీంనగర్‌లో చదివి, హైదరాబాద్ ఆఫీసు పని ఇంట్లో కూర్చునే చేస్తాడు వాడు. నాకు ఫోను వాడడం నేర్పింది కూడా వాడే. నా చేతిలోంచి ఫోను తీసుకుని, చదివి, ముఖం చిన్నబుచ్చుకునేవాడు. "గసొంటోళ్లను పట్టించుకోవద్దక్కా. పనిలేనోళ్లు. నువ్వు పరేషానైతే ఆళ్లకు ఇంకింత సంబురం" అనేవాడు. ఒకసారైతే వాడే చాయ్ పెట్టి తెచ్చి నా పక్కన కూర్చున్నాడు. నేను కళ్లు తుడుచుకున్నాక మెల్లగా అన్నాడు, "నువ్వు గిట్ల మన ఇంట్ల మాట్లాడినట్టు రాయకక్కా. పుస్తకాల ఉన్నట్టు రాయి."

వాడి మాట విన్నాను. "ఈ ఫోను బాగున్నది, ధర అధికము" అని రాశాను. పిల్లి ఏమీ అనలేదు. ఎవరూ ఏమీ అనలేదు, జైనూరామె కూడా పలకలేదు. ఉప్పులేని పప్పు ఎవరు తింటారు? ఒళ్లు మండి మళ్లీ నా మాటలోనే రాశాను. ఆ పూట పిల్లి, "మస్కట్ నుంచి మీ ఆయన మంచి ఫోను పంపలేదా ఆంటీ?" అన్నాడు. గల్ఫ్ అని రాశాను గానీ మస్కట్ అని నేనెక్కడా రాయలేదు. మా వైపు ఇంటికొకరు అటే పోతారు కదా, గుడ్డిగా అని ఉంటాడనుకున్నాను. అదీ తమ్ముడికే చెప్పుకున్నాను. "ఫికర్ జెయ్యకు" అన్నాడు. ఇక రాయడం మానేశాను. మానేశాక ఇంట్లో కూడా నా మాట తగ్గిందని అవ్వ కనిపెట్టింది.

దసరా వచ్చింది. సాయంత్రం బాపు, అంటే మా నాన్న, తమ్ముణ్ని వెంటబెట్టుకుని ఊరి బయటికి పోయి జమ్మి ఆకు తెచ్చాడు. మా దగ్గర జమ్మి ఆకే బంగారం. చిన్నవాళ్లు దాన్ని పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కాలి. ఎంత పగ ఉన్నా ఆ పూట ఆకు తెచ్చినవాణ్ని వట్టిగా పంపకూడదు. బాపు లోపలికి వచ్చాడు. తమ్ముడు గేటు దగ్గరే కాసేపు నిలబడి ఫోను చూసుకుని, వాడకట్టు పెద్దలకు బంగారం పెట్టి వస్తానని వెళ్లాడు.

వంట మధ్యలో చెయ్యి ఖాళీ అయితే ఫోను తెరిచాను. ఆ పేజీలో అందరూ పండుగ శుభాకాంక్షలు చెప్పుకుంటున్నారు. పిల్లి కూడా వచ్చాడు. "అందరికీ బంగారం" అని రాసి ఒక ఫొటో పెట్టాడు. ఇన్నాళ్లూ అన్నీ దాచుకున్నాడు గానీ, బంగారం ఇవ్వాలంటే చెయ్యి చాపాలి కదా, ఆ అలవాటు వాడితో చెయ్యి చాపించింది. అరచేతిలో జమ్మి ఆకు, చూపుడు వేలి మొదట్లో కొడవలి గాటు. వరికోతల్లో తెగితే నా ఓణీ చింపి కట్టిన వేలు అది. వెనుక మసకగా మా ఆకుపచ్చ గేటు, దానికి పొద్దున నేనే కట్టిన బంతిపూల దండ.

ఒక్కొక్క కామెంటూ గుర్తొచ్చింది, ఈసారి వాడి గొంతులో. చాయ్ తెచ్చి పక్కన కూర్చున్నది ఓదార్చడానికా, ఎంత తగిలిందో చూసుకోవడానికా? బీడీలు అన్నాడు. వాడికి అన్నం కలిపి పెట్టినవి ఆ బీడీలు చుట్టిన చేతులే. బయటివాడు తిడితే ఇంట్లో చెప్పుకుంటాం. ఇంట్లోవాడే బయటికి పోయి తిడితే ఎవరికి చెప్పుకోవాలి?

"ఏందే, గట్ల కూసున్నవ్?" అంది అవ్వ.

"నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనయవ్వా."

"శెనిగెలా? నేనే నానబోసిన గదనే, మంచిగనే ఉన్నయి" అని అవ్వ గిన్నె మూత తీసి చూసింది.

తమ్ముడు తిరిగొచ్చాడు. "బంగారం తీస్కో అక్కా" అని అదే చెయ్యి చాపాడు. తీసుకున్నాను. వంగి కాళ్లు మొక్కాడు. "సల్లంగుండు" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి నిజంగానే వచ్చింది, అందుకే ఇంకా ఎక్కువ మండింది.

వాడు బాపు పక్కన తినడానికి కూర్చున్నాడు, ఫోను కంచం పక్కన పెట్టుకుని. నేను వంటింట్లో నిలబడి పిల్లి ఫొటో కింద రాశాను. "బంగారం ముట్టింది తమ్మీ. మన గేటుకు కట్టిన పూలదండ గూడ ఫొటోల మంచిగ పడ్డది. నీ అక్క."

కంచం పక్కన ఫోను వెలిగింది. వాడు చూశాడు. ముద్ద చేతిలోనే ఆగిపోయింది. ఫోను మళ్లీ మళ్లీ వెలుగుతోంది, ఈ అక్క ఎవరని వాడి గుంపు అడుగుతోంది. "కూర మంచిగ లేదారా?" అంది అవ్వ. వాడు లేచి, ఎంగిలి చేత్తోనే నా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, అది తీసెయ్యే. అందరు నవ్వుతున్నరు" అన్నాడు నా ముఖం చూడకుండా.

"గసొంటోళ్లను పట్టించుకోవద్దని నువ్వే జెప్తివి గద తమ్మీ" అన్నాను.