యాక్సిలరేటరు వదలని నర్సప్ప

శక్తినగర్ థర్మల్ ప్లాంటులో కరెంటు యూనిట్లు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి, రాయచూరు రోడ్డు మీద బూడిద ట్యాంకర్లూ మోటారు సైకిళ్లూ ఒకదాన్నొకటి తోసుకుంటూ తిరుగుతున్న కాలం అది. ఓ ఎండాకాలం మొదట్లో నన్ను లింగసుగూరు వైపు నుంచి రాయచూరు రవాణా ఆఫీసుకు బదిలీ చేశారు. హోదా మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు. జనం మాత్రం మమ్మల్ని 'బ్రేక్ ఇన్‌స్పెక్టరు' అనే అంటారు, బ్రేకులు తప్ప మాకు ఇంకేమీ తెలియనట్టు.

వచ్చిన కొత్తల్లోనే సైలెన్సర్ల పని నా నెత్తిన పడింది. కొత్త బండి సైలెన్సరు లోపల చప్పుడును మింగేసే జాలీలు, అడ్డుపలకలు ఉంటాయి. మెకానిక్ దగ్గరికి పోయి వాటిని పీకించుకుంటే బండి వీధి మొత్తాన్నీ లేపుతుంది. మోటారు వాహనాల చట్టం నూట తొంభయ్యో సెక్షన్ కింద అది నేరం. పోలీసులు చెవితో విని బండి ఆపుతారు. కోర్టు చెవిని నమ్మదు, కొలత అడుగుతుంది. ఆ కొలత ఇవ్వడానికి మీటరు పట్టుకుని నేను పోవాలి. కేసు తేలాక పట్టుకున్న సైలెన్సర్లన్నీ నడి సర్కిల్లో వరసగా పరిచి రోడ్డు రోలరుతో తొక్కిస్తారు. జనం చుట్టూ చేరి ఈలలు వేస్తారు. దానితో భయం పుడుతుందని పై అధికారుల నమ్మకం.

టౌన్‌షిప్ క్వార్టర్ల నుంచి అప్పట్లో ఒక ఫిర్యాదు వచ్చింది. పొద్దున షిఫ్టుకు పోయే కాంట్రాక్టు కూలీల బండ్లు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయని. పోలీసులు కొన్ని బండ్లు పట్టి నన్ను పిలిచారు. ఆ కూలీలను పనిలో పెట్టిన కాంట్రాక్టరు తన సూపర్‌వైజరును పంపాడు. సింధనూరు కాలవ కింద స్థిరపడ్డ గోదావరి వైపు మనిషి, తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. తన మనుషుల్ని గుర్తుపట్టడం, గొడవ చేసినవాడి గేటు పాసు లాక్కోవడం అతని పని. గేటు పాసు పోతే కూలీకి ఆ రోజు నుంచే పని లేనట్టు.

మీటరు పరీక్షకు ఒక పద్ధతుంది. చుట్టుపక్కల చప్పుడు బండి చప్పుడుకన్నా బాగా తక్కువ ఉండాలి, లేకపోతే కొలత చెల్లదు. అందుకని రోడ్డుకు దూరంగా, కృష్ణా నది వైపున్న ఖాళీ జాగాకు బండ్లను తోయించాను. సైలెన్సరు మూతికి అర మీటరు దూరంలో, కాస్త పక్కగా మీటరు పట్టుకుని నేను వెనకాల కూర్చుంటాను. బండిమీది మనిషి ఇంజన్ను నేను చెప్పిన వేగానికి పెంచి నిలపాలి. నేను 'వదులు' అనగానే యాక్సిలరేటరు టక్కున వదిలేయాలి. ఆ మధ్యలో వచ్చిన పెద్ద అంకెను రాసుకుంటాం.

కుర్రకారు బండ్ల పని గబగబా అయిపోయింది. వాళ్లమీద నాకు జాలి లేదు. ఆఖరున ఒక పాత బండి వచ్చింది. ఎక్కినవాడు నర్సప్ప, నడివయసు దాటినవాడు, బొగ్గును పిండి చేసే మిల్లుల దగ్గర పనిచేసే మనిషి. ఈ వయసులో ఇతనికి ఈ సోకేమిటని నాకు ముందే చిరాకేసింది. భార్య శంకరమ్మ టిఫిన్ డబ్బా పట్టుకుని దూరంగా నిలబడింది.

ఇంజను పెంచాడు. 'వదులు' అన్నాను. వదల్లేదు. మళ్లీ అన్నాను. బండి గుక్కపట్టి అరుస్తూనే ఉంది. నాకు ముక్కుమీద కోపం, ఇంట్లోవాళ్లు కూడా అదే అంటారు. లేచి అరిచాను.

"వదులంటే వదలవేందయ్యా? నాతోటే పంతమా?"

అతను తల కూడా తిప్పలేదు. ఎదురుగా నదివైపు చూస్తూ కూర్చున్నాడు. నా వెనకున్న కానిస్టేబులు లాఠీ తీసుకుని ముందుకు ఉరికాడు. సూపర్‌వైజరు ఫోను జేబులో పెట్టి దగ్గరికి వచ్చాడు. "మొండికేశాడాండీ? ఇలాంటోణ్ణి రేపట్నుంచి గేటు లోపల అడుగెట్టనివ్వనండి," అన్నాడు.

లాఠీ లేచేలోపు శంకరమ్మ పరుగెత్తుకొచ్చి మొగుడి భుజాన్ని రెండుసార్లు నొక్కింది. టక్కున వదిలేశాడు. ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత నావైపు తిరిగి, నా నోటినే చూస్తూ, ఏం తప్పు జరిగిందో తెలియనట్టు నిలబడ్డాడు. చెయ్యి అడ్డం పెట్టి కానిస్టేబులును ఆపాను.

శంకరమ్మ నా పక్కకొచ్చి గొంతు తగ్గించింది. "సారూ, మీ కాల్మొక్త. ఎనక నుంచి చెప్తే ఆయనకు తెల్వది. ముంగట నిలవడి చెప్పుర్రి. గా సూపర్‌వైజరుకు మాత్రం ఎరుక కానియ్యకుర్రి. పాసు గుంజుకుంటడు, మా బతుకు రోడ్డుమీద పడ్తది."

నాలుగడుగుల దూరం నుంచి సూపర్‌వైజరు మావైపే చూస్తున్నాడు. ఇంకోసారి కొలవకపోతే కేసు నిలవదు. కొలవాలంటే నేను వెనక కూర్చోవాలి, అతనికి నా మాట అందదు. ఇంకోసారి వదలకపోతే సూపర్‌వైజరుకు అంతా అర్థమవుతుంది. శంకరమ్మను బండికి ఎదురుగా నిలబడమన్నాను. నేను తలూపితే చెయ్యి దించమన్నాను.

"ఆవిడెందుకండీ మధ్యలో?" అన్నాడు సూపర్‌వైజరు.

"నా మాట లెక్క చేస్తలేడు గద. పెండ్లాం మాటన్న లెక్క చేస్తడేమో చూద్దం," అన్నాను.

కానిస్టేబులు పకపకా నవ్వాడు, చుట్టూ ఉన్న కుర్రాళ్లూ నవ్వారు. సూపర్‌వైజరు నవ్వలేదు. బండికి అటువైపు వెళ్లి నర్సప్ప ముఖాన్నే చూస్తూ నిలబడ్డాడు. నేను మీటరు పట్టుకుని వెనక కూర్చున్నాను. ఇంజను పెరిగింది. నేను తలూపాను. ఆమె చెయ్యి దిగింది. నర్సప్ప వదిలాడు. మళ్లీ చేశాం, మళ్లీ వదిలాడు. అంకె హద్దు దాటి ఎక్కడో ఉంది. సైలెన్సరు తీయించి, చలానా రాసి, బండిని ఆఫీసుకు పంపమన్నాను.

సూపర్‌వైజరు ఇంకా కదల్లేదు. "మనిషిలో ఏదో తేడా ఉందండీ," అన్నాడు.

"మీవాళ్లను గుర్తుపట్టడం మీ పని, అది అయిపోయింది. మనుషుల్ని పరీక్ష చేయడం ఇక్కడ నా పని. మీరిక దయచేయొచ్చు," అన్నాను. అతను జేబులోంచి ఫోను తీసుకుని గేటువైపు వెళ్లిపోయాడు.

అతను కనుమరుగయ్యాక శంకరమ్మ అంతా చెప్పింది. నర్సప్ప చిన్నప్పటి నుంచి ఊరూరా ప్లాంట్లు తిరిగినవాడు. చెవులు ఏ ఊళ్లో పోయాయో అతనికే తెలియదు. మిల్లుల దగ్గర మాట ఎవరికీ వినపడదు, అందరూ చేతి సైగలతోనే పని చేసుకుంటారు. అందుకని అక్కడ ఇతని లోపం ఎవరి కంటా పడలేదు. ఇబ్బందల్లా రోడ్డు మీదే.

"ఇంజను బందైనా తెల్వక గేరు ఏసుకుంట కూసుంటుండె. జాలీ పీకిస్తే గా దడదడ గుండెల తెలుస్తదంటడు సారూ. సోకుకు కాదు," అంది.

వెనకొచ్చే ట్యాంకరు హారను సంగతేమిటని అడిగాను. ఆమె డబ్బా తీసుకుపోయి మొగుడి చేతిలో పెట్టింది.

కంపెనీ సైలెన్సరు బిగించి, రెండువైపులా అద్దాలు పెట్టించి, ఆఫీసు మైదానంలో నా ముందు నడిపి చూపిస్తేనే బండి ఇస్తానన్నాను. చెప్పిన రోజుకు ఇద్దరూ వచ్చారు. అద్దాలు చూసుకుంటే గట్టెక్కుతాడని నాకు ఆశ ఉండేది, దాచడం ఎందుకు. అతను ముందు పోతుంటే నేను జీపులో వెనక బయలుదేరాను. హారను కొట్టాను. పక్కకు జరగలేదు. మళ్లీ కొట్టాను, చెయ్యి తీయకుండా కొట్టాను. అద్దం వంక ఒక్కసారి కూడా చూడలేదు. కుడిపక్కగా దాటబోతుంటే ఎడమనుంచి కుడికి తిరిగాడు, సరిగ్గా నా జీపు ముందుకు. నేను బ్రేకు మీద నిలబడ్డాను. అతను దాటిపోయేటప్పుడు బంపరుకూ అతని వెనక చక్రానికీ మధ్య చెయ్యి పట్టేంత సందు మిగిలింది.

అతను మైదానం చివరిదాకా నింపాదిగా పోయి, స్టాండు వేసి, నవ్వుతూ అడిగాడు. "అయిందా సారూ?"

శంకరమ్మ పరుగెత్తుకొచ్చి బండి తాళం లాక్కుంది. ఆమె అంతా చూసింది.

నేను అతని ఎదురుగా నిలబడి, మాట మాట విడదీసి చెప్పాను, ఇక బండి నడపకూడదని. అతను నా పెదాల కదలిక చూసి అర్థం చేసుకున్నాడు. "ముంగట నిలవడి మాట్లాడినవు సారూ, మంచిదే. గని బండి లేకుంటే నేను షిఫ్టుకు ఎట్ల పోవాలె? కంపెనీ బస్సు పర్మినెంటోళ్లకే గద," అన్నాడు.

జవాబు శంకరమ్మ చెప్పింది. "నేను నేర్చుకుంట. నేనే దిగవెట్టొస్త."

లైసెన్సు రద్దు చేయాలని నేను రాస్తే కారణం రాయాలి, అది కాంట్రాక్టరు దాకా పోతుంది. మనిషి తానే తెచ్చి అప్పగిస్తే కారణం అడిగే రూలు లేదు. అలా అప్పగించమన్నాను, అప్పగించాడు. ఆ వానాకాలంలోనే శంకరమ్మ చీర కుచ్చిళ్లు గట్టిగా దోపుకుని అదే మైదానంలో లైసెన్సు పరీక్షకు ఎనిమిది ఆకారం తిప్పింది. కాలు కింద పెట్టకుండా తిప్పింది. పాస్ చేశాను. వెనక కూర్చున్న నర్సప్ప పోతూ పోతూ ఫిర్యాదు చేశాడు. "గీ కొత్త సైలెన్సరుతోటి బండి నడుస్తున్నదో లేదో సమజే అయితలేదు."

అతని సంగతి కాంట్రాక్టరుకు చెప్పాల్సిందేనని తర్వాత ఒకరిద్దరు తోటి అధికారులు నాతో వాదించారు. రోడ్డు వరకే నా అధికారం, రోడ్డు మీద చేయాల్సింది చేశాను అన్నాను. ఇప్పుడడిగినా అదే అంటాను.

ఒక్క పద్ధతి మాత్రం మార్చుకున్నాను. చప్పుడు బండిని పట్టినప్పుడు, దాన్ని నడిపేవాడికి ఆ చప్పుడు అందుతున్నదా లేదా అని ఇన్‌స్పెక్టరు ముందుగా చూసుకోవాలి. రూల్లో అది లేదు. రిటైరయ్యేదాకా, మీటరు తీసే ముందు, మనిషి వెనక్కి పోయి మామూలు గొంతుతో పేరు పెట్టి పిలిచేవాణ్ణి. చాలామంది తిరిగి చూసేవారు, వాళ్లకు చలానా రాసేవాణ్ణి. రైసుమిల్లుల్లో, కంకర క్రషర్ల దగ్గర, ప్లాంట్లలో ఏళ్లకేళ్లు గడిపినవాళ్లలో కొందరు తిరిగి చూసేవారు కాదు. వాళ్ల ఎదురుగా పోయి నిలబడి మాట్లాడేవాణ్ణి.