బ్రేకు నొక్కితే ఆరిపోయే ఇండికేటర్లు

నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్న వంద సీసీ బండికి మొదట్లో నాలుగు మూలలా నాలుగు ఇండికేటర్లు ఉండేవి. ఏడాది తిరిగేసరికి ఒక్కటీ మిగల్లేదు. అప్పట్లో వన్ టౌన్‌లో ఒక బట్టల హోల్‌సేల్ కొట్టులో గుమాస్తాగా చేసేవాణ్ణి. ఆ సందుల్లో బేళ్లు లాగే తోపుడుబండ్లు ఒక్కోసారి ఒక్కోదాన్ని గీరుకుంటూ పోయాయి. నేనేమీ బాధపడలేదు. తొంభైల్లో విజయవాడ రోడ్ల మీద ఇండికేటర్ వేసేవాణ్ణి ఎవరో పైఊరివాడన్నట్టు చూసేవాళ్లు. ఆటోవాడు కాలు బయటపెడితే అదే మలుపు. బస్సువాడు హారన్ కొడితే వాడెటు తిరిగినా మనమే తప్పుకోవాలి.

నా బండికి మా ఆవిడ చెయ్యి ఉండేది. వెనక ఒకపక్కకి కూర్చుని, కుడిచేత్తో నా భుజం పట్టుకుని, నేను కుడివైపు తిరగబోతున్నప్పుడల్లా నడుం తిప్పి వెనక్కి చూసి, ఎడమచెయ్యి బయటికి చాపేది. ఆ చాపడంలో ఉన్న అధికారం ట్రాఫిక్ పోలీసుకి కూడా ఉండదు. గాజులు గలగలమనేవి, వెనకొచ్చే లారీ ఆగేది.

ఆ చేతులతోనే ఆవిడ టైపు నేర్చుకుంటోంది. లోయర్ పాసయింది, హయ్యర్ రాయబోతోంది. మా వీధి చివర ఉండే లాయరు గారు, “హయ్యర్ రాసి రామ్మా, నా ఆఫీసులో కుర్చీ ఖాళీగా ఉంది” అన్నారు. అప్పటినుంచి ఆవిడ పొద్దున్నే ఆరింటికి ఇన్‌స్టిట్యూట్‌లో ఉండేది. ఇంట్లో పప్పు రుబ్బుతున్నా వేళ్లు రోలు అంచు మీద ఏవో అక్షరాలు కొడుతూనే ఉండేవి.

ఒకరోజు సాయంత్రం మార్కెట్ సెంటర్లో ఆవిడ చెయ్యి చాపి లారీని ఆపడం మా కొట్టులో నాతోపాటు పనిచేసేవాడొకడు చూశాడు. మర్నాడు కొట్టు తెరవగానే మొదలుపెట్టాడు.

“ఒరేయ్, నీ బండికి గాజులేసుకున్న ఇండికేటరు భలే ఉందిరా! దానికి బ్యాటరీ కూడా అక్కర్లేదు, కాస్త పులిహోర పెడితే చాలు!”

షావుకారుతో సహా అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బుద్ధున్నవాడైతే, అవునురా, అంత మంచి ఇండికేటరు మీ ఎవరికీ లేదని చెప్పి ఊరుకునేవాడు. నేను ఆ మధ్యాహ్నం భోజనం మానేసి ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాను.

ఆయన గడ్డం నెరిసిన ముస్లిం పెద్దమనిషి. అందరూ భాయ్ అనేవాళ్లు. గోడకు వేలాడుతున్న వాటిలో తూటాల్లా కోసుగా, తళతళలాడుతున్న నాలుగు ఇండికేటర్లు చూపించి అవే కావాలన్నాను. ఆయన వాటికేసి చూడలేదు. సీటు పక్క మూత తీసి, బ్యాటరీకి రెండు వైర్లు తగిలించి, మీటరు చూసి పెదవి విరిచాడు.

“సార్, ముందు ఈ బ్యాటరీ మార్చండి. ఇది చచ్చిపోయింది.”

“దీపాలు పెట్టు భాయ్. బ్యాటరీ తర్వాత చూద్దాం.”

“పెడతాను. పెడితే వెలుగుతాయి కూడా. కానీ మీరు బండి స్లో చేసి బ్రేకు నొక్కారనుకోండి, ఉన్న కాస్త కరెంటూ బ్రేకు లైటు తాగేస్తుంది. ఇవి పడుకుంటాయి.”

“మరి తిరిగేటప్పుడు బ్రేకు నొక్కక తప్పదు కదా?”

“అదే కదా సార్ నేను చెప్పేది!”

నాకు అర్థమైంది. అర్థం కాలేదని ఇప్పుడు కూడా అబద్ధమాడను. కానీ బ్యాటరీ సీటు కింద ఉంటుంది, దాన్ని మా కొట్టులో ఎవడు చూస్తాడు? పైగా ఇండికేటర్‌తో పాటు పిట్టలా కూసే బజరు కూడా పెట్టమన్నాను. భాయ్ స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

“ఇంట్లో బియ్యం నిండుకున్నాయంటుంటే ఇంకో ఇద్దరు చుట్టాల్ని పిలుస్తున్నారు సార్ మీరు.”

నేను పిలిచాను. ఆయన బిగించాడు. మర్నాడు బండిని కొండ మీద అమ్మవారి దగ్గరికి తీసుకెళ్లి పూజ చేయించాను. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారు, నాలుగు ఇండికేటర్లకూ కుంకుమ పెట్టారు. దండం పెట్టుకుని, ప్రమాదాలు రాకుండా చూడు తల్లీ అని ఆ పని అమ్మవారికి అప్పజెప్పాను. బ్యాటరీ సంగతి మాత్రం చెప్పలేదు. కొత్త బ్యాటరీ కన్నా నిమ్మకాయ చవక.

మా తోడల్లుడిది కూచిపూడి దగ్గర పల్లెటూరు. ఆ ఆదివారం వాళ్లింట్లో బారసాల ఉంది. తోడల్లుడికి కొత్త స్కూటర్ ఉంది, ఎప్పుడు వెళ్లినా దాన్ని గుడ్డతో తుడుస్తూ నాతో మాట్లాడేవాడు.

“నేను రానండీ. పరీక్షకి రెండు వారాలు కూడా లేదు. అక్కకి నేను చెప్పుకుంటాలెండి” అంది మా ఆవిడ.

“ఒక్క పూట వెళ్తే టైపు మర్చిపోతావా? సొంత అక్క కూతురు బారసాల! నలుగురూ ఏమనుకుంటారు?”

“నలుగురూ పాప మొహం చూస్తారు. మీ లైట్లు చూసేది మా బావొక్కడే.”

నిజం చెప్పినందుకు కోపమొచ్చింది. ఆ కోపంతోనే బయల్దేరదీశాను. బెంజి సర్కిల్ దాటకముందే ఇంకో మాట అన్నాను. “ఇకమీదట చెయ్యి చాపకు. లైట్లున్నాయిగా. పల్లెటూరి బైతుల్లా ఏంటది?” ఆవిడ ఎడమచెయ్యి ఒళ్లో పెట్టుకుంది. ఉయ్యూరు దాటేదాకా అలాగే ఉంచింది.

పామర్రులో కుడివైపు తిరిగితే కూచిపూడి రోడ్డు. మలుపు దగ్గర ఇండికేటర్ వేశాను. పిట్ట కూసింది. బండి స్లో చేసి బ్రేకు మీద కాలేశాను. పిట్ట నోరు మూసింది. నేను విన్నాను, లేదు, వినపడకపోవడం విన్నాను. నా భుజం మీద ఆవిడ చెయ్యి బిగిసింది. వెనక్కి తిరిగి రెండో చెయ్యి ఎత్తబోతోందని తెలిసింది.

“చెయ్యి దించు!” అని అరిచాను.

దించింది. బండి తిప్పాను. వెనకనుంచి కుడిపక్కగా దాటబోతున్న పాల మోపెడ్ వచ్చి మమ్మల్ని కొట్టింది.

లేచి చూసేసరికి రోడ్డంతా పాలు. నా మోచెయ్యి చెక్కుకుపోయింది. మోపెడ్ మనిషి క్యాన్ల మధ్యనుంచి కుంటుతూ లేస్తున్నాడు. మా ఆవిడ రోడ్డు పక్కన కూర్చుని ఎడమ మణికట్టుని ఒళ్లో పెట్టుకుని చూస్తోంది. అది ఉండాల్సిన తీరులో లేదు.

“తిరిగేవాడివి చెప్పి తిరగాలా వద్దా?” అన్నాడు పాలాయన.

“ఇండికేటర్ వేశానయ్యా! కళ్లు కనపడటంలా?”

నోట్లోంచి వచ్చేసింది. ఎదురుగా టీకొట్టులోంచి జనం వచ్చారు. వాళ్లలో ఒక పెద్దాయన, “ఏదీ, వెయ్యి చూద్దాం” అన్నాడు. బండి లేపి కిక్ కొట్టి యాక్సిలరేటర్ రేజ్ చేసి స్విచ్ వేశాను. బ్రేకు మీద కాలు లేదు. నాలుగు వేలు పోసి కొన్నదాన్లా టకటకా వెలిగింది, పిట్ట కూడా కూసింది.

“వెలుగుతోందిగా! ఇంక నీదేరా తప్పు” అన్నారు అందరూ.

పాలాయన బిక్కమొహం వేసి మా ఆవిడ వైపు తిరిగాడు. “అమ్మా, మీరు చెప్పండి. లైటు వేశారా?”

ఆవిడ నాకేసి ఒక్క క్షణం చూసింది. “వేశారండి” అంది.

ఆయన చేతులు జోడించి ఆవిడకి క్షమాపణ చెప్పాడు. పక్కనే నిలబడి దాన్ని నేనూ స్వీకరించాను. నా జీవితంలో నేను చేసిన వెధవపనులు లెక్కపెట్టమంటే కొంచెం టైము పడుతుంది గానీ, మొదటిది ఏదని అడిగితే తడుముకోనక్కర్లేదు.

మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు ఉంచాలన్నారు. ఇంటి పని నేను చేశాను. నేను వేసిన జడ చూసి పక్కింటావిడ, ఇది జడా, మోకుతాడా అని అడిగింది. మా ఆవిడ ఒక్కరోజు కూడా నన్ను దెప్పలేదు. దెప్పితే బావుండునని చూశాను.

పరీక్ష రోజు పొద్దున్న హాల్ టికెట్ బల్ల మీద ఉంది. ఆవిడ దాని ముందు కూర్చుంది. ఇంక ఆపుకోలేకపోయాను.

“ఆ రోజు లైటు వెలగలేదు. వెలగదని భాయ్ ముందే చెప్పాడు.”

“తెలుసు” అంది.

“ఎలా?”

“వెనక్కి తిరిగాను కదండీ. నా నడుం పక్కనే ఉంటుంది మీ లైటు. చచ్చిన చేప కన్నులా ఉంది. అందుకేగా చెయ్యెత్తింది.”

“మరి వేశానని ఎందుకు చెప్పావు?”

“అంతమందిలో మీ మొహం అలా ఉంది.” హాల్ టికెట్ పక్కకి జరిపి, “నాకు చెప్పి ఏం లాభం? ఆ పాలాయనకి చెప్పి రండి. ఎక్కడ అబద్ధమాడారో అక్కడే” అంది.

బస్సులో పామర్రు వెళ్లాను. టీకొట్టులో అడిగితే, కూర్చోండి, వచ్చే వేళయింది అన్నారు. వచ్చాడు. మొహానికి దళసరి కళ్లద్దాలున్నాయి. నన్ను గుర్తుపట్టి ఆయనే ముందు నమస్కారం పెట్టాడు.

“అమ్మగారి చెయ్యి ఎలా ఉందండీ? ఆ రోజు నుంచి మా ఇంటిది పోరు పెట్టి కళ్ల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లిందండి. ఇదిగో, అద్దాలు.”

నేను నిలబడే చెప్పాను. లైటు వెలగలేదని, తప్పు నాదేనని, చూపించినప్పుడు బ్రేకు నొక్కకుండా చూపించానని. ఆయన విన్నాడు. అద్దాలు తీసి చొక్కాకి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

“ఏవండోయ్, కొంచెం గట్టిగా చెప్పండి. అదిగో, ఆ మూల బల్ల మీద ఉన్నాయనకి వినపడలేదు. ఆ రోజు తప్పు నీదేరా అని మొదట అరిచింది ఆయనే.”

గట్టిగా చెప్పాను. లోపలనుంచి టీ కాసేవాడు బయటికొచ్చి, ఏంటి ఏంటి అన్నాడు. పాలాయన నా భుజం తట్టి, “వీడు మొదట్నుంచీ వినలేదండీ. ఇంకోసారి” అన్నాడు. మూడోసారికి నాకు బాగా అలవాటైపోయింది. మీ డాక్టరు అనవసరంగా అద్దాలిచ్చాడేమోనన్నాను.

“అబ్బే, ఇప్పుడు బాగా కనపడుతోందండీ” అన్నాడు నన్ను పైనుంచి కిందిదాకా చూసి. టీ తాగించి గానీ పంపలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి జరిగిందంతా చెబితే మా ఆవిడ, “మూడుసార్లా?” అని నవ్వింది. ప్రమాదం తర్వాత అదే మొదటిసారి. నవ్వాక తెల్లకాయితం, పెన్ను తెమ్మంది. వచ్చే పరీక్షకి ఆరు నెలలుంది. అప్పటిదాకా ఆ కుర్చీ ఉంచగలరేమో అడుగుతూ లాయరు గారికి రాసిస్తానంది, ఎదురుగా అడిగితే కాదనలేక ఇబ్బందిపడతారట.

లాయరు గారు ఉంచలేకపోయారు. మరుసటి వారం వేరే అమ్మాయిని పెట్టుకున్నారు. మా ఆవిడ ఆరు నెలల తర్వాత పాసయింది గానీ, ఉద్యోగం దొరకడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. ఆ సాయంత్రం మాకు ఇవేవీ తెలియవు.

“పరీక్ష ఎందుకు రాయలేదో కారణం ఏమని రాయను?” అంది.

“జరిగిందే రాయి.”

రాసింది. మా వారు బండికి కొత్త లైట్లు పెట్టించుకున్నందువల్ల అని మొదలుపెట్టి, ఆగకుండా రాస్తూ పోయింది. ఫ్యాను గాలికి కాయితం లేస్తోంది. ఎడమచెయ్యి కట్టులో ఉంది.

“చూస్తారేంటండీ, కాస్త కదలకుండా పట్టుకోండి” అంది.

రెండు చేతులతో పట్టుకున్నాను.