ఈశాన్యం మూల ఒక అంగుళం

ఇంతకాలం నా ఊపిరిని, నా చేతుల పనిని కాపాడిన సర్వశక్తిగల దేవునికి స్తోత్రం. జాకీల మీద లేచిన బండ్ల కింద నేను పడుకున్న గంటలన్నిటిలో నన్ను దాచినవాడు ఆయనే. ఆయన నామాన్ని ముందుగా ఘనపరచి ఈ సంగతి మొదలుపెడుతున్నాను. ఇందులో నాకు చేదుగా మిగిలిపోయిన మాటలున్నాయి. వాటిని తీపి చేసి రాయడం నాకు చేతకాదు.

2000లో నేను మేడ్చల్ రోడ్డు మీద ఒక ప్రైవేటు వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా చేరాను. అంతకుముందు బస్సుల వర్క్‌షాపులో హెల్పర్‌గా మొదలై, ఫిట్టర్‌నై, చార్జ్‌మన్‌గా బయటికి వచ్చాను. చార్జ్‌మన్ అంటే ఒక సెక్షన్‌కు బాధ్యుడు. నాది సస్పెన్షన్ సెక్షన్. చక్రానికీ బండి శరీరానికీ మధ్య ఉండి గుంతల దెబ్బను మింగే కమాన్లు, స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు మా కిందికి వస్తాయి. ఫోర్‌మన్ పని దానికన్నా ఒక మెట్టు పైది. ఏ బండి గేటు దాటాలన్నా ఫోర్‌మన్ స్వయంగా నడిపి చూసి జాబ్ కార్డు మీద ‘ఫిట్’ అని సంతకం చేయాలి. ఆ సంతకం యజమాని కోసం కాదు. బండికి ఎదురుగా వచ్చే మనిషి కోసం.

మాది గౌడవెల్లి. అక్కడి మా సంఘానికి అప్పట్లో ఒకే ఒక్క కొరత ఉండేది, పూడ్చే జాగా. తాతల కాలం నుంచి మావాళ్ళను ఊరి బయట ఒక బీడు అంచున పెట్టేవారు. భూముల ధరలు లేచాక ఆ బీడు చుట్టూ ఎవరో రాతి కడీలు పాతి తీగ చుట్టారు. ఆ తరువాత ఎవరు చనిపోయినా లారీ మాట్లాడుకొని నగరంలోని సమాధుల తోటకు తీసుకుపోవలసి వచ్చేది. అక్కడా కొత్త చోటు లేదు. ఎవరిదో పాత సమాధి తెరిచి, ఆ ఎముకలు ఒక పక్కకు జరిపి, అందులోనే పెట్టాలి. అదీ ఆ కుటుంబం ఒప్పుకుంటే.

శామీర్‌పేట దగ్గర ఒక పటేల్ ఉండేవాడు. పేరు రాయను, ఆయన పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు. వ్యవసాయం వదిలి తూంకుంట వైపు లేఅవుట్లు వేస్తూ రాజకీయంలోకి వచ్చినవాడు. 2001 క్రిస్మస్‌కు మా మందిరంలో కేకు కోయడానికి వచ్చాడు. అందరి ముందు మా పాస్టర్ అయ్యగారు లేచి, గౌడవెల్లిలో పటేల్‌కు ఉన్న భూమిలో అర ఎకరం సమాధులకు ఇప్పించమని అడిగారు. పటేల్ కేకు ముక్క నోట్లో పెట్టుకొని నా వైపు చూశాడు.

“జాగదేముంది అయ్యగారూ, ఇస్త. ముందుగాల మీ ఫోర్‌మన్‌తోని నా బండి మంచిగ జేపియ్యిండ్రి.”

అందరూ చప్పట్లు కొట్టారు. నా భార్య సుగుణ ఒక్కతే కొట్టలేదు. ఇంటికి వస్తూ, “దేవునికిచ్చేటోడు బండి మధ్యల పెడ్తడా?” అంది.

ఆ బండి సంక్రాంతి దాటాక మా షెడ్డుకు వచ్చింది. నగరంలో ఒక పాత బంగళా పడగొడుతుంటే వెనక కొట్టంలో దొరికిన అమెరికా కారు, యాభైల నాటిది. దాని బానెట్ మీద మంచం వేసుకొని పడుకోవచ్చు. మా వెల్డర్ ఖాజా దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, “ఉస్తాద్, గిది కారా? చక్రాలు పెట్టిన ఇల్లు,” అన్నాడు. పటేల్ చిన్నకొడుకు పెళ్ళి వేసవిలో. పెళ్ళికొడుకు బరాత్ అందులో పోవాలి. కొడుకు ఎక్కడో చూసిన ఒక ఫోటో తెచ్చి పటేల్ నా ముందు పెట్టాడు. అందులో అలాంటి బండే నేలకు ఆనినట్టు ఉంది.

“గిట్ల గావాలె. తొవ్వల బోతుంటే పాము బోయినట్టుండాలె.”

బండిని దించడానికి రెండు దారులున్నాయి. రోడ్డు పక్కన గ్యాస్ కట్టర్ పట్టుకున్న ఎవడైనా స్ప్రింగులో ఒక చుట్టు కోసేస్తాడు. బండి అరగంటలో కిందికి దిగుతుంది. కాని చక్రం పైకీ కిందికీ కదిలే చోటు కూడా పోతుంది. గుంతలో పడితే ఇనుముకు ఇనుము తగులుతుంది. రెండో దారి, స్ప్రింగు పొడవు ముట్టుకోకుండా అది కూర్చునే చోటునే మార్చడం. నేను రెండోదే చేశాను. ముందు చక్రాలను మోసే పాత అడ్డదూలం తీసేసి, స్క్రాప్‌కు వచ్చిన ఒక జీపు నుంచి కొత్త కాలపు అడ్డదూలం తెచ్చి, దాన్ని ఛాసిస్‌లో పాతదానికన్నా పైకి ఎక్కించి బిగించాను. అలా చేస్తే బండి దిగుతుంది, చక్రం కదలిక తగ్గదు. దానితోపాటే డిస్క్ బ్రేకులు వచ్చాయి. పాత డ్రమ్ బ్రేకులతో అంత బరువు ఆగడం అనుమానమే. వెనక కమాన్లకూ ఇరుసుకూ మధ్య ఉక్కు దిమ్మెలు పెట్టి, కొత్త యూ-బోల్టులు వేసి, గ్యాస్ నింపిన షాక్ అబ్జార్బర్లు కట్టాను.

ఎంత దించాలన్నది ఫోటో చూసి తేల్చలేదు. శామీర్‌పేట, తూంకుంట మధ్య ఎక్కడ ప్రమాదం జరిగినా మరునాటికి ఆ ఊరి పిల్లలే సిమెంటు కలిపి రోడ్డుకు అడ్డంగా గట్టు పోస్తారు. వాటికి ఒక లెక్కా ఎత్తూ ఉండవు. బరాత్ పోయే తొవ్వంతా పలక, గుండు, దారం పట్టుకొని నడిచి అన్నిటికన్నా ఎత్తైన గట్టును కొలిచాను. బరాత్ అంటే లోపల ఆరుగురు, బానెట్ మీద ఇద్దరు, వెనక డిక్కీ మీద ఇంకొందరు. అందుకని బండిలో ఇసుక బస్తాలు వేసి, ఆ బరువుతో కొలిచి, నాలుగు మూలలూ సమంగా ఉండేట్టు దించాను.

చైత్రంలో కరీంనగర్ రోడ్డు మీద నడిపి చూశాను. వేగంలో బ్రేకు తొక్కి, స్టీరింగు వదిలేస్తే బండి గీత గీసినట్టు ఆగింది. నా జీవితంలో అంతకన్నా మంచి పని చేయలేదు. జాబ్ కార్డు మీద ‘ఫిట్’ అని రాశాను. పటేల్ పక్కనే కూర్చొని, “పాము బోయినట్టే ఉన్నది ఫోర్‌మన్ సాబ్. నీ చేతులు ఊరికె పోవు,” అన్నాడు. ఆ ఆదివారం అయ్యగారు స్థలం కోసం స్తోత్ర ప్రార్థన పెట్టారు. కొందరు ఎవరిని ఎక్కడ పెట్టాలో కూడా మాట్లాడుకున్నారు.

పెళ్ళికి మూడు వారాల ముందు పటేల్ కబురు పంపాడు. లేఅవుట్ పర్మిషన్ ఆగిందని ఆయన వాస్తు చూసే సిద్ధాంతిని పిలిచాడట. సిద్ధాంతి ఇల్లంతా చూసి పోర్టికోలో ఆగాడు. బండి ముక్కు తూర్పుకు ఉంది. అంటే ఎడమ ముందు చక్రం ఈశాన్యం. ఈశాన్యం పల్లంగా ఉండాలి, నైరుతి ఎత్తుగా ఉండాలి. ఇంత బరువు ఇంటి ముందు నాలుగు మూలలూ సమంగా కూర్చుంటే పనులు కదలవన్నాడు. ఆయన నమ్మకం ఆయనది, నేను ఎవరి నమ్మకాన్నీ ఎగతాళి చేయను. కాని ఆయన ఇంటికి చెప్పే కొలతను బండికి చెప్పాడు. పటేల్ కబురు ఒక్క ముక్క: ఎడమ ముందు మూల ఒక అంగుళం దించు.

నేను స్వయంగా వెళ్ళి చెప్పాను. నాలుగు కాళ్ళ మంచానికి ఒక కాలు పొట్టిదైతే అది ఆ కాలి దగ్గర మాత్రమే కుంటదు, ఎదురు మూల కూడా తేలుతుంది. బండీ అంతే. బ్రేకు తొక్కితే రెండు చక్రాలు బరువు లేక జారతాయి, మిగిలిన రెండు పట్టుకుంటాయి, బండి పక్కకు లాగుతుంది. బరాత్ ముందు డాన్సు చేసే పిల్లలు ఉంటారు.

పటేల్ అంతా విన్నాడు. “మెల్లగ నడుపుతం గద. ఒక్క అంగుళమే గద.”

“పటేలా, అట్ల జేసి ఫిట్ అని రాయలేను.”

“నువ్వు రాయకుంటె ఏంది, కోసెటోళ్ళు మస్తు మంది ఉన్నరు. కని నువ్వు జెయ్యాలె. నువ్వు జేస్తెనే జాగ. గంతే.”

ఆ సాయంత్రానికే అయ్యగారు, సంఘపెద్ద దేవదానం మా ఇంటికి వచ్చారు. దేవదానం సుగుణకు అన్న, నాకు బావ. అయ్యగారు మెత్తగా మాట్లాడారు. బండి పాపం బండి యజమానిదే అవుతుందన్నారు. నేను నేర్చుకున్న వాక్యంలో తప్పుడు తూనికరాయి పట్టుకున్న చేతికే తప్పు ఉంది, రాళ్ళ సంచి యజమానికి కాదు. ఆ మాటే అన్నాను. అబ్రాహాము సంగతి కూడా ఎత్తాను. చనిపోయిన భార్య శారాను పెట్టడానికి ఆ ఊరివాళ్ళు గుహను ఊరికే ఇస్తామన్నా ఆయన తీసుకోలేదు, పూర్తి వెల తూచి ఇచ్చాడని చెప్పాను.

దేవదానం తలెత్తాడు. “అబ్రాహాము తాన వెండి ఉండె బావా. మన తాన ఏమున్నది? నీ తాన స్పానర్ ఉన్నది. అదన్న దేవునికియ్యి.”

లోపలి నుంచి సుగుణ చాయ్ తెచ్చి అందరి ముందూ పెట్టింది. “అన్నా, రేపు ఆ బండి కింద మన పిల్లగాడే పడితే, గా జాగల ఫస్టు వాన్నే పెడ్తరా?” అంది. ఎవరూ చాయ్ ముట్టలేదు.

మరుసటి ఆదివారం ప్రార్థనలో అయ్యగారు కఠినమైన హృదయాల గురించి చెప్పారు. ఏ పేరూ ఎత్తలేదు. ఎత్తనక్కర లేకపోయింది. గాయక బృందంలో నా పక్కన నిలబడే మనిషి ఆ రోజు రెండడుగులు జరిగి నిలబడ్డాడు.

నాలుగు రోజులు గడిచాక అయ్యగారు నన్ను వెంటపెట్టుకొని పటేల్ ఇంటికి తీసుకువెళ్ళారు. చేసిన పనికైనా జాగా ఇవ్వమని అడుగుదామని. గేటు దాటగానే బండి కనబడింది. పోర్టికోలో అదే చోట, ముక్కు తూర్పుకు. కుడి వెనక చక్రం కింద రెండు నల్లరాతి పలకలు. మిగతా రెండు చక్రాల కింద ఒక్కొక్కటి. ఎడమ ముందు చక్రం మాత్రం నేల మీద. ఈశాన్యం పల్లం, నైరుతి ఎత్తు.

పటేల్ నవ్వుతూ వచ్చాడు. “జూసినవా? గీ పని మా మేస్త్రి అరగంటల జేసిండు. నువ్వు మంచం కాళ్ళ కథ జెప్పినవ్.”

అయ్యగారు జాగా మాట ఎత్తారు. బండి పని అంతా మా ఫోర్‌మన్‌దే కదా అన్నారు.

“ఫోర్‌మన్‌ను దించుమంటె దించలె అయ్యగారూ. మేస్త్రి జేసిండు. జాగ మేస్త్రికియ్యమంటవా?”

పక్కనున్నవాళ్ళు నవ్వారు. సిద్ధాంతి ఒకసారి కుదిరిన బరువును కదపవద్దన్నాడట, అందుకని బరాత్‌కు కూడా దాన్ని తీయలేదు. పెళ్ళికొడుకు కిరాయి కారులో పోయాడు. నేను పలక, దారం పట్టుకొని కొలిచిన ఆ గట్లలో ఒక్కదాన్ని కూడా నా బండి దాటలేదు.

చక్రాల కింద రాయి పెట్టవచ్చన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు, అందరికన్నా ముందు నాకు రాలేదు. బండి అంటే నడిచేదని నా లెక్క. పటేల్ లెక్కలో అది ఇంటి ముందు ఉండే బరువు. బ్రేకుల గురించి నేను చెప్పినవన్నీ నిజాలే, కాని అవి ఆ ఇంట్లో ఎవరికీ పనికొచ్చే నిజాలు కావు. మా అయ్యగారు తిరుగు దారిలో మేడ్చల్ చౌరస్తాలో నన్ను దించి, “వందనాలు బ్రదర్,” అని వెళ్ళిపోయారు. అంతకుముందు ఆయన నన్ను పేరు పెట్టి పిలిచేవారు.

పటేల్ గౌడవెల్లి భూమి తరువాత ప్లాట్లయింది. సంఘం నన్ను వెలివేయలేదు. వెలివేస్తే కనీసం ఒక కారణం చెప్పవలసి వచ్చేది. గాయక బృందంలో నా చోటు మాత్రం మెల్లగా వేరొకరిదయింది. ఊళ్ళో ఎవరు చనిపోయినా, లారీ ఎక్కేటప్పుడు జనం ఒకసారి నా వైపు చూసేవారు. ఆ చూపు నేను చాలా ఏళ్ళు మోశాను.

2008 వానాకాలంలో సుగుణ చనిపోయింది. లారీలో నగరానికి తీసుకుపోయాము. ఒక దూరపు చుట్టం వాళ్ళ పాత సమాధి తెరవడానికి ఒప్పుకున్నారు. గుంతలో నీళ్ళు ఊరుతుంటే పనివాళ్ళు బకెట్లతో తోడారు. అయ్యగారు వాక్యం చదివారు. మట్టి వేశాక దేవదానం నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. నా చేయి పట్టుకుంటాడనుకున్నాను.

“ఒక్క అంగుళం బావా,” అన్నాడు. “నా చెల్లె ఇంటికాడ పండుతుండె.”

ఆ రోజు చాయ్ ముందు ఆమె ఏమందో అతనికీ గుర్తుండి ఉంటుంది.

బండి ఇప్పటికీ ఆ పోర్టికోలోనే ఉంది. టైర్లు నాలుగూ గాలి పోయి, మూడు రాళ్ళ మీద, ఒకటి నేల మీద కూర్చున్నాయి. పైన టార్పాలిన్ కప్పారు. లోపల నేను బిగించిన అడ్డదూలం, డిస్కులు అన్నీ కొత్తవిగానే తుప్పు పట్టి ఉంటాయి.

ఈ పని నేర్చుకునేవారికి ఈ ఉదంతం నుంచి చెప్పగలిగింది ఇంతే. బండి రోడ్డు మీదికి పోతుందో లేదో తేల్చవలసినవాడు యజమాని. పోతే ఆగుతుందని చెప్పవలసినవాడు ఫోర్‌మన్. మొదటిదాన్ని చూసి రెండోదాన్ని మార్చకూడదు. మార్చనందుకు మెచ్చుకునేవారు ఉండరు. పోయినదాన్ని తిరిగి ఇచ్చేవారు కూడా ఉండరు. అది తెలిసే సంతకం చేయాలి, తెలిసే మానాలి.

గౌడవెల్లి సంఘానికి నేటికీ స్వంత సమాధుల స్థలం లేదు. ఇది చదివినవారు ఆ స్థలం కోసం నాతో కలిసి ప్రార్థించండి. దేవదానం మీద నా మనసులో ఉన్నది ఇంకా పోలేదు. అది పోవాలని నేను రోజూ అడుగుతున్నాను. వీలైతే అందులోనూ ఒక మాట కలపండి. ఆమేన్.