రెండు కాగితాలు, ఒకే దస్తూరి

ఇప్పుడు లోకంలో ఏ మూల ఎవరు తుమ్మినా ఇంట్లో కూర్చుని వింటున్నాం. రెండో ప్రపంచయుద్ధం మొదలైన ఆ కాలంలో మాత్రం లోకం మా ఎల్లారెడ్డికి కామారెడ్డి నుంచి మోటారెక్కి రావలసిందే, మోటారు దారిలో మొరాయించకపోతే. కామారెడ్డి రైలు స్టేషను బయట మా చిన్నబావకు చాయ్ దుకాణం ఉండేది. రైలు దిగినవాళ్లు చదివి పారేసిన పేపర్లు ఏరి, పకోడీలకు వాడగా మిగిలినవి ఉండకట్టి, డ్రైవరు చేత నాకు పంపేవాడు. కాబట్టి నాకు తెలిసిన ప్రపంచానికి అక్కడక్కడా నూనె మరకలుండేవి. ఎక్కడో ఒక పట్నం పడిపోతే మా దగ్గర అది పడడానికి పది రోజులు పట్టేది. (ఒకసారి మరక సరిగ్గా గెలిచినవాడి పేరు మీదే పడింది. నేను 'భీకర యుద్ధము జరిగినది' అని రాసి ఊరుకున్నాను. ఎవరు గెలిచారని ఎవరూ అడగలేదు.)

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. ఒక సర్కారు కచేరీలో నకల్నవీసుని, అంటే ఒక కాగితం చూసి ఇంకో కాగితం రాసేవాణ్ణి. ఏ కచేరీయో చెప్పను, దాని గోడలు ఇంకా ఉన్నాయి. అక్కడ పనంతా ఉర్దూలో. ఎప్పుడైనా తెలుగు కాగితం కావలసివస్తే నన్ను పిలిచేవారు. ఆ నౌకరీ కోసం మా బాపు పేష్కారు సాబు ఇంటి చుట్టూ రెండేళ్లు తిరిగాడు. పేష్కారంటే కచేరీని ఏలే సాహెబు తర్వాత అంతటివాడు, కళ్లకు సుర్మా పెట్టుకునే పెద్దమనిషి. నాకు దొరికిన నౌకరీకి సగం కారణం బాపు చెప్పులరుగుదల, సగం నా దస్తూరి. ఆ దస్తూరి మీద నాకు చెప్పలేనంత పొగరు. దీర్ఘం పెడితే దాని తోకను ఉడుత తోకలాగా పైకి తిప్పేవాణ్ణి. జిల్లాలో అలాంటి తోక ఇంకెవరికీ రాదని నా నమ్మకం.

అంత మంచి చేతిని సర్కారుకే అంకితం చేయడం నాకు నచ్చలేదు. అందుకని వారానికోసారి సంత కూడే అంగడినాడు పొద్దున్నే ఒక పెద్ద కాగితం నిండా 'లోకం సంగతులు' రాసి, కచేరీ ఎదుట బండ్లు ఆగేచోట గోడకు అతికించేవాణ్ణి, పేరు మాత్రం పెట్టకుండా. అందులో యుద్ధం ఉండేది, హైదరాబాదులో ఆడుతున్న మాట్లాడే బొమ్మలుండేవి, శనిగ్రహం చుట్టూ ఉన్న ఉంగరం ఉండేది. అక్కడే పుట్నాలమ్మే అవ్వకు చదువు రాదు. చదివేవాణ్ణి ఆపి రెండుసార్లు చదివించుకుని, ఆ తర్వాత పుట్నాలు కొన్నవాళ్లందరికీ తన సొంత సంగతులు కొన్ని కలిపి చెప్పేది. సముద్రంలో ఎనిమిది చేతుల జీవికి మూడు గుండెలుంటాయని నేను రాసిన వారం ఆమె కొలిచిన పుట్నాలు మళ్లీ గంపలోనే పోసేసింది.

"మూడు గుండెలా కొడుకా? ఒక్కదానితోనే ఇంత గోస పడుతున్నం, పాపం అదెట్ల బతుకుతదో" అంది.

ఆ వారమే శని ఉంగరానికీ మూడు గుండెలకూ నడుమ ఇంకో సంగతి కూడా వేశాను. కచేరీ అల్మారీలో ఒక పాత ఉర్దూ ఉత్తరువు కనిపించింది. దౌరాకు, అంటే ఊళ్ల తనిఖీకి, వెళ్లే అధికారులు రైతుల బండ్లు వాడుకుంటే కిరాయి ఇచ్చి తీరాలని సర్కారు వారే అందులో రాశారు. దాన్ని తెలుగులోకి మార్చి పెట్టాను. ధైర్యంతో పెట్టానని చెప్పుకోవాలని ఉంది గానీ, నిజానికి కోపంతో పెట్టాను. అంతకు ముందు నెల మా వాడకట్టులో అందరూ ఎర్రెడ్ల అన్న అని పిలిచే రైతు బండిని దౌరాకని పట్టుకుపోయారు. నాలుగు రోజులకు తిరిగివచ్చిన ఆ ఎర్రెడ్లు గడ్డి కూడా లేక డొక్కలు లోపలికి పోయి నిలబడితే, చూసి నాకు ఒళ్లు మండింది.

తర్వాతి అంగడికి ఒక్కరోజుందనగా సాహెబు నిజాంసాగర్ వైపు దౌరాకు బయలుదేరాడు. బండ్లు పట్టడానికి పోయిన జవానును ఎర్రెడ్ల అన్న నెమ్మదిగా కిరాయి సంగతేమిటని అడిగాడట. ఎవరు చెప్పార్రా అంటే గోడను చూపించాడట. మిగతా బండ్లవాళ్లు కూడా గోడనే చూపించారు. దౌరా ఆగిపోయింది. సాయంత్రానికి సాహెబు రెండు హుకుములిచ్చాడు. అనుమతి లేకుండా ఎవరూ గోడలకు కాగితాలు అతికించరాదు. ఆ రాసినవాణ్ణి పట్టుకోవాలి. మొదటిది ఊరికి తెలిసేలా తెలుగులో రాసి అంటించాలి.

తెలుగులో రాయాలంటే కచేరీలో ఉన్నది నేనొక్కణ్ణే కదా. ప్రాణం కాపాడుకుందామని ఎడమచేత్తో రాసి తీసుకుపోయాను. పేష్కారు సాబు దాన్ని వెలుగులో పెట్టి చూశాడు.

"ఏందిది, కోడి గీకినట్టున్నది? సర్కారు కాగితం గిట్లుంటదా?" అని చింపేశాడు.

రెండోసారి కుడిచేత్తో రాయక తప్పలేదు. మొదటి పంక్తి భయంతోనే రాశాను. రెండో పంక్తికి చెయ్యి నా మాట వినలేదు, ఉడుత తోకలన్నీ వరసగా లేచి నిలబడ్డాయి. ఆ కాగితాన్ని జవాను తీసుకుపోయి సరిగ్గా నా 'లోకం సంగతులు' పక్కనే అతికించాడు. (పాతదాన్ని చింపలేదు, సాక్ష్యం కదా.)

మర్నాడు అంగడి. జనం దాన్ని ఆ వారం సంగతులే అనుకుని మూగారు. ఒకాయన నిషేధాన్నంతా గొంతెత్తి చదివాడు. అవ్వ ఓపికగా చివరిదాకా విని, ఈ వారం జంతువులు లేవా అని అడిగింది. నవ్వులు కచేరీ లోపలికి వినబడి సాహెబే బయటికొచ్చాడు. ఆయనకు తెలుగు రాదు. కానీ కళ్లున్నాయి. ఇటు కాగితం చూశాడు, అటు కాగితం చూశాడు, నన్నూ పేష్కారునూ పిలిచాడు.

పేష్కారు సాబుకు అంతా అప్పుడే అర్థమైంది. నా కాలు మెల్లగా తొక్కి, ఉర్దూలో మొదలుపెట్టాడు. మా పిల్లవాడి దస్తూరి చూసి ఎవడో దొంగ రాత రాశాడని, మావాడివి ముత్యాలైతే ఇవి వట్టి గులకరాళ్లని, ఈ తోకలు మరీ మొరటుగా ఉన్నాయని చెప్పాడు. నేను తల ఊపితే చాలు. బాపు తిరిగిన రెండేళ్లూ ఆ ఒక్క ఊపులో ఉన్నాయి. కానీ మొరటు తోకలట! శని ఉంగరం రాయడానికి నేను మూడు పుల్లకలాలు చెక్కాను.

"రెండూ నావే సాబ్. సంగతుల కాగితమే ఇంకా మంచిగ రాసిన" అన్నాను.

సాహెబు కేకలేయలేదు. అందరి ముందు మాఫీ అడిగి, దాన్ని నా చేత్తోనే చింపమన్నాడు. గోడ దగ్గరికి వెళ్లాను కూడా. ఎర్రెడ్ల అన్న సాహెబును చూడడం లేదు, నన్ను చూస్తున్నాడు. చెయ్యి లేవలేదు.

"చింప. అండ్ల ఒక్క అబద్ధం గూడ లేదు. ఆ హుకుం మన అల్మారీలనే ఉన్నది."

పొద్దు గుంకకముందే నౌకరీ పోయింది. నేను చెప్పినదంతా బాపు తల వంచుకుని విన్నాడు. తిడితే బాగుండుననిపించింది.

"ఆ హుకుం నిజంగనే ఉన్నదా?" అన్నాడు.

"ఉన్నది బాపూ."

"మంచి అక్షరాలతోనే రాసినవా?"

"రాసిన."

"అయితే అన్నం తిను" అన్నాడు.

హుకుం గోడలకే గదా. తర్వాతి అంగడినాడు 'లోకం సంగతులు' ఎర్రెడ్ల అన్న బండి వెనక చెక్కకెక్కింది, ఆ బండితోపాటు గాంధారి దాకా పోయివచ్చింది. బండి కిరాయి అడగడం కూడా దానితోనే అక్కడికి చేరిందని తర్వాత విన్నాను. పేష్కారు సాబు పుట్నాల వంకతో వచ్చి, బండికి సగం వీపు తిప్పి, ఓరగా చదివేవాడు. ఒకనాడు నావైపు చూడకుండానే ఆ మూడు గుండెల్లో ఏది ఏం చేస్తుందో ఎందుకు రాయలేదని గొణిగాడు. ఆ పేపరులో అక్కడ నూనె మరకుందని చెప్పడానికి నాకు నామోషీ అయింది.

మొన్న మా మనవరాలు నా ఉత్తరం చూసి, తాతా, కోడి గీకినట్టుందని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజు నన్ను కాపాడలేకపోయిన ఎడమచేతి రాత ఇప్పుడు కుడిచేతికి వచ్చింది. ఉడుతలన్నీ ఎటో పోయాయి. ఇప్పుడు నేనేం రాసి ఏ గోడకు అతికించినా, ఏ సాహెబూ నన్ను పట్టుకోలేడు. అయినా అడిగితే మాత్రం నాదేనని చెప్తాను.