ఇరవై మూడో ప్రశ్న

యూనివర్సిటీ గేటు పక్కన జిరాక్స్ షాపులో తొమ్మిదేళ్ళు పనిచేసిన మనిషి, ఒకరోజు అదే గేటు దాటి లోపలికి వెళ్ళి క్లాసులో కూర్చుంటే ఏమవుతుంది? ఉన్న పేరు పోతుంది. హాజరుపట్టీలో ఏం రాసి ఉన్నా, నేరశాస్త్రం ఎం.ఏ. క్లాసులో ఆమె అందరికీ జిరాక్స్ అక్క. ఆ పిల్లలంతా ఆమెకన్నా పదేళ్ళు చిన్నవాళ్ళు. మొన్నమొన్నటిదాకా ఆమె ముందు కాగితాలు పడేసి "అక్కా, రెండు సెట్లు, తొందరగా" అన్నవాళ్ళే. ముప్పై నాలుగేళ్ళకి ఈ చదువేమిటని ఎవరైనా అడిగితే, "ఇన్నాళ్ళూ కాపీలు తీశాను కదా, ఒకసారి చదివి చూద్దామని" అని నవ్వేసేది.

అది సగం నిజం. నోట్సు పేజీలు గాజు మీద బోర్లా వేసేటప్పుడు ఆమె కళ్ళు ఎప్పుడూ ఒకే చోట ఆగేవి. 'నేరం చేసిన వ్యక్తి కుటుంబం' అని ఒక అధ్యాయం. దాన్ని ఎంతమందికి కాపీ తీసి ఇచ్చిందో ఆమెకే తెలియదు. ఒకరోజు తనకోసం ఒక సెట్టు తీసుకుని ఇంటికి పట్టుకెళ్ళింది. ఆ తర్వాత దూరవిద్యలో డిగ్రీ పూర్తి చేసింది, ప్రవేశపరీక్ష రాసింది, సీటు తెచ్చుకుంది. పొద్దున క్లాసులు, మధ్యాహ్నం నుంచి మళ్ళీ షాపు.

మిగతా సగం నిజం ఆమె తమ్ముడు.

ఏడేళ్ళ కిందట తమ్ముడు ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక గోడౌనులో రాగి తీగ చుట్టలు ఎత్తుకుపోబోయాడు. అడ్డొచ్చిన వాచ్‌మన్‌ని తోశాడు. ఆ పెద్దాయన మెట్ల మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. తమ్ముడు పారిపోయి, ఊరి చివర మూతపడిన కర్రల డిపో పై గదిలో దాక్కున్నాడు. ఎక్కడున్నాడో ఒక్క అక్కకే చెప్పాడు. మూడో రోజు ఇన్‌స్పెక్టరు ఇంటికి వచ్చాడు. తల్లి మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళినప్పుడు, సొంత బాబాయిలా గొంతు తగ్గించి, "చిన్న కేసమ్మా. ఇప్పుడు దొరికితే పది రోజుల్లో ఇంటికొస్తాడు. పరిగెత్తించాడో, పెద్దదవుతుంది" అన్నాడు. ఆమె నమ్మింది. నమ్మి చెప్పింది. పది రోజులు కాస్తా నాలుగేళ్ళయ్యాయి.

చెప్పింది తనేనని ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ అవసరం కూడా రాలేదు, ఎందుకంటే తల్లి ఆ రోజే నేరస్థుణ్ణి పట్టేసింది. ఇన్‌స్పెక్టరు వెళుతూ వెళుతూ ఎదురుగా ఉన్న ఇస్త్రీ షాపు దగ్గర ఆగాడు. నలిగిన చొక్కా చేయి చూపించి ఏదో అడిగాడు. ఇస్త్రీ ఆయన ఏదో జవాబిచ్చాడు. తల్లి కిటికీలోంచి అంతా చూసింది. ఆవిడ విచారణ అక్కడితో ముగిసింది. సాక్షులూ అక్కర్లేదు, అప్పీలూ లేదు. మర్నాటి నుంచి ఆ షాపుకి ఈ ఇంటి బట్ట ఒక్కటి వెళ్ళలేదు. తల్లి అక్కడితో ఊరుకుందా, వీధిలో మరో నాలుగిళ్ళు కూడా మాన్పించింది.

అప్పటినుంచి ఇంట్లో ఇస్త్రీ తల్లే చేస్తుంది. పెట్టె చేతిలోకి రాగానే ఆవిడకి ఎదురు షాపాయన గుర్తొస్తాడు.

"ఇంటి గుట్టు చెప్పినవాడి నోరు పడిపోను. పళ్ళు పుచ్చి రాలిపోను. నా నోటి మాట ఊరికే పోదు, చూస్తూ ఉండండి."

దొంగకు తేలు కుట్టినట్టు ఆ మాటలన్నీ కూతురు కిక్కురుమనకుండా వింటూ ఉండేది. నేరానికి కారణాలు పది రకాలుగా విడదీసి చెప్పగలిగిన మనిషి, కింది దవడలో పన్ను సలిపితే మాత్రం గజగజలాడేది. తల్లి మాట తగిలిందని లోపల్లోపల అనుకునేది. పాపం ఆ తల్లే లవంగం తెచ్చి, "ఇక్కడేనా, ఇంకా లోపలికా" అంటూ పంటి కింద పెట్టేది.

తమ్ముడు బయటికొచ్చి మూడేళ్ళవుతోంది. టైర్ల షాపులో పని దొరికింది. మనిషి మంచిగానే ఉన్నాడు, కాకపోతే ప్రతిదీ లెక్కపెడతాడు. లోపల రోజుకి నాలుగుసార్లు మనుషుల్ని లెక్కపెట్టేవారట, ఆ అలవాటు వీడికి అంటుకుంది. మెట్లు లెక్కపెడతాడు, పళ్ళెంలో ముక్కలు లెక్కపెడతాడు. గదిలోకి ఎవరొచ్చినా ముందు తలలు చూసి తర్వాత ముఖాలు చూస్తాడు. వాడికి నిజం తెలిస్తే ఆ పూటే సంచి సర్దుకుని వెళ్ళిపోతాడని, మళ్ళీ ఈ గుమ్మం తొక్కడని ఆమె భయం. ఏడేళ్ళుగా ఆమెకి ఉన్న పెద్ద భయం అదే.

రెండో ఏడాది ప్రాజెక్టు అని ఒకటి వచ్చింది. శిక్ష పూర్తిచేసి బయటికొచ్చిన ఐదుగురితో మాట్లాడి ఐదు ఫారాలు నింపాలి. ఒక్కో ఫారంలో నలభై ప్రశ్నలు. ఆ పేపరు చెప్పే ప్రొఫెసర్‌ని పిల్లలు 'మళ్ళీ సారు' అంటారు, ఏం తెచ్చి చూపించినా "మళ్ళీ చేయండి" అంటాడు కాబట్టి. ఆయనవి నాలుగు నియమాలు. ప్రశ్న అచ్చులో ఎలా ఉందో అలాగే చదవాలి. జవాబు వాళ్ళ మాటల్లోనే రాయాలి, మీ తెలివి కలపకూడదు. అంతా అయ్యాక రాసింది రాసినట్టు వాళ్ళకి చదివి వినిపించి, సరిగ్గా ఉందా అని అడగాలి. నాలుగోది అన్నిటికన్నా పెద్దది: బంధువులనీ తెలిసినవాళ్ళనీ అడగకూడదు.

"మనవాడైతే వాడు చెప్పింది వినం, మనకి కావలసింది వింటాం" అన్నాడాయన. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆమె పుస్తకంలోకి తల దించుకుంది.

నాలుగు ఫారాలు పూర్తయ్యాయి. ఐదో మనిషి పని వెతుక్కుంటూ ఎక్కడికో వెళ్ళిపోయాడు, ఫోను పలకదు. సోమవారంతో గడువు ఆఖరు. ఇంకొకరిని చూపించమని ఎవరినైనా అడగడానికి ఆమెకి టైముంది. అడగలేదు. ఉన్నమాట చెప్పుకోవాలంటే గడువు ఒక సాకు. వాడికి ఏం తెలుసో, ఎంత తెలుసో వాడి నోటే వినాలన్న ఆరాటం ఆమెను ఏడేళ్ళుగా తొలుస్తోంది. నేరుగా ఆ సంగతే అడిగే ఇరవై మూడో ప్రశ్న ఒక్కటి దాటేస్తే చాలు, మిగతావాటితో ప్రమాదం లేదనుకుంది.

ఆదివారం మధ్యాహ్నం తల్లి పక్క వీధికి వెళ్ళింది. అక్కాతమ్ముళ్ళు టేబుల్‌కి అటూ ఇటూ కూర్చున్నారు. తమ్ముడి గోళ్ళలో టైర్ల నలుపు అలాగే ఉంది.

"నేను నీకు అక్కని కాదనుకో" అంది.

"మరి మిమ్మల్ని ఏమని పిలవాలండీ?" అన్నాడు వాడు. ఇద్దరూ నవ్వారు.

ఆమె మొదటి మూడు నియమాలూ వాడికి చెప్పింది. మొదట్లో అన్నీ సాఫీగా సాగాయి. చదువు ఎందుకు మానేశావు, స్నేహితులు ఎవరు, ఆ పని చేయాలని ఎవరికి తోచింది. వాడు నిదానంగా, దాపరికం లేకుండా చెప్పాడు. వాచ్‌మన్ గురించి అడిగినప్పుడు మాత్రం గోళ్ళ వైపు చూసుకుంటూ, "పడ్డ చప్పుడు ఇప్పటికీ వినపడుతుంది, అలా రాయి" అన్నాడు. ఆమె రాసింది. ఇరవై రెండు: పారిపోయాక ఎన్ని రోజులు దాక్కున్నారు? "మూడు." ఆమె పేజీ తిప్పి, "ఇరవై నాలుగు. అరెస్టు సమయంలో..." అని మొదలుపెట్టింది.

"ఇరవై మూడు ఏదక్కా?"

"అది... నీకు వర్తించదురా."

"అచ్చులో ఉన్నదంతా ఉన్నట్టే చదవాలన్నావుగా ఇందాక. చదువు."

లెక్కలవాణ్ణి ఎదురుగా పెట్టుకుని అంకె మింగేద్దామనుకోవడం ఎంత తెలివితక్కువో ఆమెకి అప్పుడు తెలిసింది. అచ్చులో ఉన్నట్టే చదివింది. "మీరు ఉన్న చోటు పోలీసులకు ఎలా తెలిసింది?"

"మా అక్క చెప్పింది."

కలం కదల్లేదు. వాడే మళ్ళీ అన్నాడు, డిక్టేషన్ చెబుతున్నట్టు మెల్లగా. "మా. అక్క. చెప్పింది. రాయి, మూడే మాటలు."

ఆమె రాసింది. అక్షరాలు వంకర పోయాయి. "ఎవరు చెప్పారు నీకు?" అంది.

"ఫారంలో ఉందా ఆ ప్రశ్న?" అని, తర్వాత వాడే చెప్పాడు. "ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ గది సంగతి ఈ లోకంలో నీ ఒక్కదానికే తెలుసు. పోలీసులు మెట్లెక్కి తిన్నగా తలుపు దగ్గరికే వచ్చారు. పదిహేడు మెట్లు. పదిహేడో మెట్టు చేరేలోపు నాకు తెలిసిపోయింది."

మొదటి సెమిస్టరు పిల్లవాడు కూడా పట్టేసే సంగతి. తెలిసినవాళ్ళు ఎంతమంది, ఒక్కరే. మరి చెప్పిందెవరు? పరీక్షలో ఇస్తే క్షణంలో రాసి ఉండేది. తన ఇంట్లో మాత్రం ఏడేళ్ళు తోచలేదు. ఆమెకి సిగ్గేసింది, ఏడుపొచ్చింది. ఏది ముందు వచ్చిందో చెప్పలేం.

"కోపం లేదారా?"

"ఎందుకు లేదు. ఉంది. మొదటి ఏడాది నువ్వు చూడ్డానికి వస్తే బయటికి రాకూడదనుకునేవాణ్ణి. కానీ నెలనెలా వచ్చేదానివి నువ్వొక్కదానివే. నలభై ఏడుసార్లు వచ్చావు. నేనేం చెయ్యను మరి. ముందు మిగతావి అడుగు."

మిగతా పదిహేడూ అడిగింది. ఎలా అడిగిందో ఆమెకే గుర్తులేదు. నలభయ్యోది: మీరు ఇంకేమైనా చెప్పదలచుకున్నారా?

"ఆ, ఉంది. మా ఎదురు ఇస్త్రీ ఆయన ఏ పాపమూ ఎరగడు. ఆ సంగతి నాకు మొదటినుంచీ తెలుసు. చెబితే మా అక్క బయటపడుతుందని నోరు మూసుకున్నాను. రోజూ ఆయన షాపు ముందునుంచే పనికి వెళతాను. ఆయన పలకరిస్తాడు. నేను తల వంచుకుని పోతాను. ఇదీ రాయి."

తర్వాత నియమం ప్రకారం ఆమె అంతా చదివి వినిపించాలి. చదివింది. 'మా అక్క చెప్పింది' అన్న చోట ఆగిపోయి, మళ్ళీ చదివింది.

"రాసింది సరిగ్గా ఉందా?"

"సరిగ్గా ఉంది" అని వాడు లేచి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. నలుపు పోదని తెలిసినా చాలాసేపు కడుక్కున్నాడు.

సోమవారం మళ్ళీ సారు ఐదు ఫారాలూ తిరగేసి, ఐదోదాని దగ్గర ఆగాడు.

"ఇది బాగా వచ్చిందమ్మా" అన్నాడు. ఆ నోట ఆ మాట రావడం ఆ డిపార్ట్‌మెంటులో ఎవరూ ఎరగరు. "కాకపోతే ఒక పక్షమే ఉంది. ఆ అక్క ఎందుకు చెప్పిందో తెలిస్తే బాగుండేది. ఆవిణ్ణి కలవడానికి వీలవుతుందా?"

"కలిశారు సార్" అంది ఆమె. "మీ ముందే నిలబడింది."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకుని, ఫారం మీద అడ్డంగా గీత కొట్టి, 'చెల్లదు' అని రాశాడు. "ఇంకొకరిని వెతుక్కోండి. వచ్చే సెమిస్టరులో ఇద్దురుగాని" అని, ఫారం ఆమె చేతికిచ్చాడు. "దీన్ని మాత్రం పారేయకండి."

ఒక సెమిస్టరు పోయింది. దానికి ఆమెకి పెద్దగా బాధ కలగలేదు. దారంతా ఇస్త్రీ ఆయనే కళ్ళలో మెదిలాడు. ఏ పాపమూ ఎరగని మనిషికి ఏడేళ్ళ శిక్ష పడింది. దొంగతనం చేసినవాడికే నాలుగేళ్ళు వేశారు.

ఇంటికొచ్చేసరికి తల్లి తమ్ముడి పని చొక్కా ఇస్త్రీ చేస్తోంది. తమ్ముడు గుమ్మంలో కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుకుంటున్నాడు. ఆమె ఉతికిన బట్టలన్నీ ఒక దుప్పట్లో వేసి మూట కట్టింది.

"ఎక్కడికే ఆ మూట?"

"ఎదురు షాపుకి."

"మతి పోయిందా నీకు? మన కొంప ముంచినవాడికి మన బట్టలా? వాడి నోరు..."

"అనకమ్మా. ఆయన కాదు. నేను చెప్పాను."

తల్లి ముందు కొడుకు వైపు చూసింది. వాడు తలెత్తలేదు. ఆశ్చర్యపోనూ లేదు. వాడికి ముందే తెలుసని ఆవిడకి అర్థమైంది. ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, కుర్చీలో కూర్చుంది. తిడుతుందని కూతురు ఎదురుచూసింది. ఇద్దరూ కలిసి తనని పిచ్చిదాన్ని చేశారని అరుస్తుందనుకుంది. ఆవిడ అరవలేదు.

"ఎన్నిసార్లు తిట్టుంటానురా?" అంది కొడుకుతో. "నేను వాణ్ణి అనుకుని... ఈ ఇంట్లో కూర్చుని... ఎన్నిసార్లు?"

మెట్లూ ముక్కలూ తలలూ అన్నీ లెక్కపెట్టేవాడు బూటు తాడు వైపే చూస్తూ, "నేను లెక్కపెట్టలేదమ్మా" అన్నాడు.

తల్లి కుర్చీలోంచి లేచింది. కూతురి దగ్గరికి వచ్చి, రెండు చేతులతో దవడ పట్టుకుని, మొహం వెలుగు వైపు తిప్పింది.

"ఏ పన్నే నొప్పి అన్నావు? నోరు తెరువు. చూడనీ."

ఆమె నోరు తెరిచింది. తల్లి వేలితో ఒక్కో పన్నునూ తడిమి చూడడం మొదలుపెట్టింది.